కంపెనీ బస్సు మా సందు చివర ఆగుతుందని తొమ్మిదేళ్లు ఆగిపోయాను: సుఖమైన ఉద్యోగం నుంచి తొందరపడకుండా కదలడం ఎలా

“పీక్ టెయిలింగ్ 2 దాటింది. ఏం చేస్తారు?”

2019 మొదట్లో ఒక ఆదివారం, వాక్-ఇన్ ఇంటర్వ్యూ. హోటల్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో టోకెన్ నంబరు, చుట్టూ మా ఫార్మా ఇండస్ట్రీ వాళ్లే రెండు వందల మంది దాకా. నా వంతు వచ్చాక ఎదురుగా కూర్చున్నాయన అడిగిన మూడో ప్రశ్న ఇది. (మందు పరీక్షించే మెషిన్ గీసే గ్రాఫులో పీక్ తోక ఒక పక్కకి సాగిపోవడాన్ని టెయిలింగ్ అంటాం.) ఆలోచించకుండా నిజం చెప్పేశాను. “సెక్షన్ హెడ్‌కి చెబుతాను సార్.”

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రెజ్యూమె మళ్లీ మొదటి పేజీకి తిప్పి “ఎన్నేళ్లన్నారు ఎక్స్‌పీరియన్స్?” అన్నాడు. తొమ్మిదేళ్లు సార్ అన్నాను. ఆ అంకె కింద పెన్నుతో ఒక గీత గీశాడు, అంతే. హెచ్ఆర్ వాళ్లు ఫోన్ చేస్తారన్నారు. చెయ్యలేదు, చేస్తారని నేనూ అనుకోలేదు.

నేను ఫార్మాలో క్యూసీ కెమిస్టుని, అంటే మందుల నాణ్యత పరీక్షించేవాణ్ని. 2010లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోగానే పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక ప్లాంటులో చేరాను. తొమ్మిదేళ్లు అక్కడే, అందులో ఏడేళ్లు డిసల్యూషన్ టీమ్‌లోనే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ట్యాబ్లెట్‌లోంచి మందు ఎంతసేపట్లో ఎంత బయటికి వస్తుందో చూసే పరీక్ష అది. ఆరు పాత్రల్లో ద్రావకం పోసి, 37 డిగ్రీల దగ్గర వేడి నిలిపి, ఒక్కోదాంట్లో ఒక ట్యాబ్లెట్ వేసి ప్యాడిల్‌తో తిప్పుతాం. మా దగ్గర ఎక్కువ ప్రోడక్టులకు 900 ఎంఎల్, నిమిషానికి 50 చుట్లు. పొద్దున బస్సు ఎక్కడం, తిప్పడం, శాంపిల్ తీయడం, నోట్‌బుక్ రాయడం, బస్సు ఎక్కడం. గానుగెద్దుకీ నాకూ ఒకటే తేడా, దానికి పే స్లిప్ రాదు.

ఇదొక్కటే తప్పయితే ఈ వ్యాసం చిన్నదయ్యేది. ఆ ఇంటర్వ్యూ అవమానం మింగుడుపడక రెండు నెలలు తిరక్కుండానే, మొదట వచ్చిన ఆఫర్ పట్టుకుని ఒక చిన్న యూనిట్‌లో చేరిపోయాను. 34 వేల నుంచి 46 వేలు. ఇంట్లో స్వీట్లు కూడా పంచాం. నాలుగో నెల నుంచి జీతం పదో తారీఖు, తర్వాత ఇరవయ్యో తారీఖు, ఆ పైన “ఈ వారం ఎలాగోలా సర్దుకోండి”. పదకొండు నెలలకు బయటపడ్డాను. చాలాకాలం ఈ రెండిటినీ వేర్వేరు తప్పులనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఏళ్ల తరబడి కదలనివాడికి కదలడం అలవాటు తప్పుతుంది, తీరా కదలాల్సి వచ్చినప్పుడు ఎటు పడితే అటు దూకుతాడు. అందుకే ఈ గైడ్‌లో “వెంటనే మానేయండి” అన్న మాట ఎక్కడా ఉండదు. తొందరపడకుండా, ఏడాదో ఏడాదిన్నరో పట్టేలా, ఎలా కదలాలో రాస్తున్నాను. ఉదాహరణలన్నీ నాకు తెలిసిన ఫార్మావే. మీరు ఐటీలో సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నా, ఇంజినీరింగ్ కాలేజీలో ఒకే సబ్జెక్టు చెబుతున్నా పేర్లు మార్చుకుని చదవండి.

1. మిమ్మల్ని పట్టి ఉంచుతున్నవి ఏంటో రూపాయల్లో రాయండి

“కంఫర్ట్” అని ఒక్క మాటలో అనేస్తే ఏమీ తేలదు. విడివిడిగా రాయాలి. నా జాబితా ఇదీ: కంపెనీ బస్సు మా సందు చివర ఆగుతుంది. క్యాంటీన్‌లో భోజనం దాదాపు ఉచితం. సెక్షన్ హెడ్ లీవు అడిగితే ఎందుకని అడగడు. సి షిఫ్టు (రాత్రి పని) నెలకు ఒక వారమే. ఏ కాలమ్ (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసే గొట్టం) ఏ డ్రాయర్‌లో ఉందో కళ్లు మూసుకుని తీయగలను.

తర్వాత ఒక్కోదానికీ ఎదురుగా నెలకు ఎంత అని వేయండి. బస్సు లేకపోతే బండి మీద పోనూ రానూ యాభై కిలోమీటర్లు, అప్పటి రేట్లకు పెట్రోలు నెలకు రెండు వేలు. భోజనం పదిహేను వందలు. షిఫ్టులు పెరిగితే వచ్చే ఇబ్బందికి ఇంకో మూడు వేలు అనుకున్నా. మొత్తం ఆరున్నర వేలు. అదే సమయంలో మా సెక్షన్‌లోనే బయటి నుంచి ఐదేళ్ల అనుభవంతో వచ్చినవాడికి 38 వేలు ఇస్తున్నారని తెలిసింది. తొమ్మిదేళ్లుగా ఉన్న నాకు 34. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, జీతాల విషయంలో అది అక్షరాలా నిజం.

అయితే అసలు నష్టం ఆ నాలుగు వేలు కాదని ఈ కాగితం రాశాకే అర్థమైంది. లీవు అడిగితే ఎందుకని అడగని హెడ్‌కి వెల కట్టలేకపోయాను. ఆయన మంచివాడు, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాను. కానీ ఆ మంచితనమే నన్ను ఏ ప్రశ్నకీ సొంతంగా జవాబు వెతుక్కోనివ్వలేదు. టెయిలింగ్ వచ్చిందా, ఆయనకి చెబితే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు.

2. మీరు ఆగిపోయారా, ఆగాల్సి వచ్చి ఆగారా

ఆగడం అన్నివేళలా తప్పు కాదు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది, నాన్నకి డయాలసిస్ నడుస్తోంది, భార్య పరీక్షలకి చదువుతోంది, అలాంటప్పుడు సుఖమైన ఉద్యోగం వరం. ఎవరో కెరీర్ కోచ్ వీడియో చూసి దాన్ని వదులుకోకండి. అలా ఆగేవాళ్లు ఎందుకు ఆగారో, ఎప్పటిదాకానో చెప్పగలరు. “పాప స్కూల్లో చేరేదాకా” అంటారు. ఆగిపోయినవాళ్లు “చూద్దాం” అంటారు. నేను తొమ్మిదేళ్లు “చూద్దాం” అన్నాను.

తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు. గడిచిన పన్నెండు నెలల్లో మీరు మొదటిసారి చేసిన పని ఏది? నెల పేరుతో సహా రాయండి. రెండోది, రేపు పొద్దున మీ ప్లాంటు గేటుకి తాళం పడితే మిమ్మల్ని తీసుకునే చోట్లు ఎన్ని?

రెండోది ఊరికే భయపెట్టడానికి అడిగింది కాదు. మా ఫార్మావాళ్లకి బాలానగర్ వైపు వెళ్తే ఆ ప్రశ్న కళ్లెదుటే కనబడుతుంది. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మందుల కంపెనీ ఐడీపీఎల్, దాని హైదరాబాద్ ప్లాంటు, కాలనీ. ఒకప్పుడు అందులో ఉద్యోగమంటే పెళ్లి సంబంధాలు వరసకట్టేవి. కల్లం అంజిరెడ్డి గారు కెరీర్ తొలినాళ్లలో అక్కడే పనిచేశారు. 1970ల నడిమిలో బయటికొచ్చి, మధ్యలో వేరే కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ మాత్రం 1990ల్లో ఖాయిలా పడింది, 2016లో కేంద్రం దాన్ని మూసేయాలనే నిర్ణయించింది. అందరం అంజిరెడ్డి గారిలా కంపెనీలు పెట్టేస్తామని ఈ సంగతి చెప్పడం లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థే అయినా పోదన్న గ్యారంటీ లేదు, చేతిలో పని ఉండగా బయటికొచ్చినవాడి పరిస్థితి వేరు, వీఆర్ఎస్ కాగితం పట్టుకుని వచ్చినవాడి పరిస్థితి వేరు.

3. హోదా పక్కన పెట్టి, పని రాయండి. తర్వాత మూడు రంగులు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు, రెండు మూడు ఆదివారాలు పడుతుంది, విసుగ్గా ఉంటుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

ముందు ఒక నెలపాటు రోజూ సాయంత్రం బస్సులో, ఆ రోజు చేసిన పని రెండు లైన్లు ఫోన్‌లో రాసుకోండి. “సీనియర్ ఎగ్జిక్యూటివ్ క్యూసీ” అని ఎక్కడా రాయొద్దు. “మూడు బ్యాచ్‌ల డిసల్యూషన్, మొదటి దశలో రెండు పాస్, ఒకటి రెండో దశకి వెళ్లింది” ఇలా. నెల తిరిగేసరికి నా ఫోన్‌లో ఇరవై నాలుగు ఎంట్రీలున్నాయి. అందులో పంతొమ్మిది అచ్చం ఒకటే, ప్రోడక్ట్ పేర్లు తప్ప.

తర్వాత నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో మీ స్థాయికి ఒక మెట్టు పైన ఉన్న ఉద్యోగ ప్రకటనలు పదిహేను తీయండి. మీరు అప్లై చేయడానికి కాదు, చదవడానికి. ప్రతిదాంట్లో అడిగిన పనులన్నీ ఒక కాగితం మీద దించండి. ఐదు ప్రకటనలు దాటాక అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. మా ఫీల్డులో వచ్చినవి: మెథడ్ వాలిడేషన్ (పరీక్షా పద్ధతి నమ్మదగినదని రుజువు చేయడం), మెథడ్ ట్రాన్స్‌ఫర్ (ఆ పద్ధతిని ఇంకో ల్యాబ్‌కి అప్పగించడం), ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్ (ఫలితం పరిమితి దాటితే కారణం వెతకడం), క్యాలిబ్రేషన్ (మెషిన్లు సరిగ్గా చూపిస్తున్నాయో సరిచూడడం), స్టెబిలిటీ (మందు ఎన్నాళ్లు చెడిపోకుండా ఉంటుందో చూడడం), ఆడిట్‌లో ఎదురుగా కూర్చుని జవాబు చెప్పడం.

ఇప్పుడు మూడు రంగుల పెన్నులు. సొంతంగా చేసినవి ఆకుపచ్చ. పక్కనుండి చూసినవి నీలం. పేరు మాత్రమే విన్నవి ఎరుపు. నిజాయితీగా వేయాలి. “వాలిడేషన్” దగ్గర నా చెయ్యి ఆకుపచ్చ పెన్ను మీదకే పోయింది, ఎందుకంటే మా ల్యాబ్‌లో వాలిడేషన్ జరిగేది, నేను ఆ గది ముందు నుంచి రోజూ నడిచేవాణ్ని. గది ముందు నుంచి నడవడం అనుభవం కింద రాదు. అది నీలం కూడా కాదు, ఎరుపే.

నా కాగితంలో చివరికి ఆకుపచ్చ రెండు, నీలం మూడు, ఎరుపు తొమ్మిది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఐటీ సపోర్ట్‌లో ఉన్న మా తమ్ముడు ఇదే చేశాడు. వాడికి టికెట్లు (యూజర్ల ఫిర్యాదులు) మూయడం ఒక్కటే ఆకుపచ్చ. ఆ టికెట్ అసలు ఎందుకు వచ్చిందో కోడ్‌లోకి వెళ్లి వెతకడం ఎరుపు.

4. ఎరుపువాటిని ఉన్న చోటే నేర్చుకోండి

నేను చేయనిది, చేసి ఉండాల్సింది ఇది. సుఖమైన ఉద్యోగానికి ఒక గొప్ప లాభం ఉంది: మీ రోజువారీ పని మీకు కంఠతా వచ్చు కాబట్టి రోజుకు గంట మిగులుతుంది. నేను ఆ గంట క్యాంటీన్‌కి ఇచ్చాను, ఐపీఎల్ రోజుల్లో ఇంకాస్త ఎక్కువే ఇచ్చాను.

ఎరుపులోంచి రెండే రెండు ఎంచుకోండి. హెడ్ దగ్గరికి వెళ్లి “నాకు ఎదుగుదల లేదు సార్” అని మొదలుపెట్టకండి, అది ఫిర్యాదులా వినబడుతుంది, మర్నాటి నుంచి ఆయన మిమ్మల్ని వేరేగా చూస్తాడు. ఆయన పని తేలికయ్యేలా అడగండి. “సార్, వచ్చే నెల వాలిడేషన్ బ్యాచ్‌లకి మనుషులు చాలట్లేదంటున్నారు, డిసల్యూషన్ నాది ఆగకుండా చూసుకుంటా, వారానికి ఒకరోజు నన్ను అటు వెయ్యండి.” మనుషులు చాలని చోటు ప్రతి ల్యాబ్‌లో ఉంటుంది. అది ఏదో కనిపెట్టడమే మీ పని. ఒప్పుకోకపోతే నెలాగి మళ్లీ అడగండి. మూడుసార్లు కాదంటే, అక్కడ మీకు దొరికేది అంతే అని తేలిపోయినట్టు, అదీ ఉపయోగపడే సమాచారమే.

ఎవరూ చేరదీయకపోయినా చదువుకోవచ్చు. వాలిడేషన్ గురించి ఐసీహెచ్ (మందులకి అంతర్జాతీయ ప్రమాణాలు రాసే సంస్థ) క్యూ2 గైడ్‌లైన్, స్టెబిలిటీ గురించి క్యూ1 ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు కంపెనీలకు పంపిన వార్నింగ్ లెటర్లను తమ సైట్‌లో బహిరంగంగా పెడతారు. వారానికి ఒకటి చదవండి. ఏ ల్యాబ్‌లో ఏ తప్పు దొరికిందో, కంపెనీ ఇచ్చిన జవాబు ఎఫ్‌డీఏకి ఎందుకు నచ్చలేదో పూసగుచ్చినట్టు ఉంటుంది. నాకు ఏ కోచింగూ నేర్పనంత అవే నేర్పాయి.

ఒక జాగ్రత్త. నేర్చుకోవడానికని కంపెనీ ఎస్ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన పత్రాలు), మెథడ్‌లు ఫోన్‌లో ఫొటో తీసుకోవద్దు. అది కంపెనీ ఆస్తి, దొరికితే ఉద్యోగంతో పాటు పేరూ పోతుంది.

ఇక ఆ టెయిలింగ్ ప్రశ్నకి జవాబు. సిస్టమ్ సూటబిలిటీలో (మెషిన్ పరీక్షకి తగ్గట్టు ఉందో చూసుకునే తనిఖీ) పరిమితి 2 అని ఉండి అది దాటితే ఆ రన్ చెల్లదు, ముందు అక్కడ ఆపాలి. పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చేయకూడదు. జరిగింది రాసిపెట్టి, కాలమ్ ఎన్ని ఇంజెక్షన్లు చూసింది, మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోంచి పారే ద్రావకం) పీహెచ్ సరిగా పెట్టామా, శాంపిల్ గాఢత ఎక్కువైందా, శాంపిల్ కలిపిన ద్రావకం మొబైల్ ఫేజ్ కన్నా బలమైనదా అని ఒకటొకటే చూసుకుంటూ పోవాలి. సెక్షన్ హెడ్‌కి చెప్పడం కూడా ఉంది అందులో. కాకపోతే కనుక్కున్నది పట్టుకుని వెళ్లి చెప్పాలి. ఇదంతా నేను తొమ్మిదేళ్లలో కనీసం ఇరవైసార్లు పక్కనే జరుగుతుంటే చూశాను. 900 ఎంఎల్ ఎందుకు, 50 చుట్లే ఎందుకు అని కూడా ఎప్పుడూ అడగలేదు. మరీ వేగంగా తిప్పితే మంచి ట్యాబ్లెట్టూ చెడ్డ ట్యాబ్లెట్టూ ఒకేలా కరిగిపోయి తేడా తెలియకుండా పోతుందట. ఏడేళ్లు తిప్పినవాడికి ఈ మాట తర్వాతి ఉద్యోగంలో, నాకన్నా ఆరేళ్లు చిన్నవాడైన ఒక కుర్రాడు చెప్పాడు.

5. అవసరం లేనప్పుడే ఇంటర్వ్యూలకి వెళ్లండి

ఆరు నెలలకు ఒకటి. ఆఫర్ కోసం కాదు. బయటివాళ్లు ఏం అడుగుతున్నారో తెలియడానికి. మొదటి రెండు మూడు ఘోరంగా జరుగుతాయి, జరగనివ్వండి, అప్పటికి మీ ఉద్యోగం మీకుంది కదా, నష్టమేం లేదు. బయటికి రాగానే, ఇంటికెళ్లాక కాదు, మెట్లమీదే కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోండి. జవాబు చెప్పలేనివాటి కింద గీత గీయండి. నాలుగు ఇంటర్వ్యూల కాగితాలు పక్కపక్కన పెడితే అందులో సగం ప్రశ్నలు ఒకటే ఉంటాయి.

ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లకి (నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం): మొత్తం భాష నేర్చుకునే పని పెట్టుకోకండి. మీరు సొంతంగా తేల్చిన ఒక సమస్య, ఒకే ఒక్కటి, ఏం జరిగింది, ఏం అనుమానించాం, ఏం చూశాం, ఏం తేలింది అన్న వరుసలో మూడు నిమిషాలు చెప్పగలిగేలా తయారవ్వండి. అద్దం ముందు కాదు, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వినడానికి సిగ్గుగా ఉంటుంది. వినండి. ఇంటర్వ్యూలో మాట ఎటు పోయినా దాన్ని ఆ కథ దగ్గరికి తెచ్చుకోవచ్చు.

చేయనిది చేశానని రెజ్యూమెలో రాయకండి. “వాలిడేషన్ బ్యాచ్‌ల్లో ప్రెసిషన్ భాగం (మళ్లీ చేసినా అదే ఫలితం వస్తుందా అని చూడడం) చేశాను” అన్నది “వాలిడేషన్ అంతా చూశాను” కన్నా గట్టిగా నిలబడుతుంది. ఎందుకంటే రెండోది రాస్తే తర్వాతి ప్రశ్న మీరు చేయని ఇంకో భాగం, లీనియారిటీ గురించే వస్తుంది.

6. వెళ్లే చోటు గురించి గేటు ముందు టీ కొట్టులో కనుక్కోండి

దూరపు కొండలు నునుపు. నా రెండో ఉద్యోగం నాకు నేర్పిందంతా ఈ అడుగులోనే ఉంది.

ఆఫర్ రాగానే ఒకరోజు సెలవు పెట్టి ఆ ప్లాంటు దగ్గరికి వెళ్లండి. లోపలికి కాదు, గేటు బయటికి. బి షిఫ్టువాళ్లు వచ్చేవేళ, అంటే మధ్యాహ్నం ఒకటిన్నర రెండు మధ్య, టీ కొట్టు దగ్గర నిలబడండి. ఇక్కడ చేరదామనుకుంటున్నాను అని ఉన్నమాట చెబితే చాలు, మనవాళ్లు దాచుకోరు. అడగాల్సినవి నాలుగు. జీతం ఏ తారీఖున పడుతుంది, గడిచిన ఆరు నెలలూ అదే తారీఖున పడిందా? మీరు చేరబోయే సెక్షన్‌లో ఏడాదిలో ఎంతమంది మానేశారు? షిఫ్టు అయ్యాక రోజూ ఎంతసేపు ఆగుతున్నారు? రిలీవింగ్ లెటర్ ఎన్నాళ్లకి ఇస్తున్నారు?

ఈ నాలుగు ప్రశ్నలు నేను 2019లో అడిగుంటే, అక్కడి టీ కొట్టాయనే చెప్పేవాడు. ఆయన ఖాతా పుస్తకంలో అప్పటికే ఆ కంపెనీవాళ్ల బాకీలు మూడు పేజీలున్నాయని చేరిన తర్వాత తెలిసింది. కంపెనీలో జీతాలు పడట్లేదని గేటెదురు టీ కొట్టుకన్నా ముందు ఎవరికి తెలుస్తుంది?

దీంతో పాటు ఆ ప్లాంటు పేరుతో ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే వెళ్లకూడదని కాదు. సరిదిద్దుతున్న చోట నేర్చుకునేది ఎక్కువ ఉంటుంది, కాకపోతే పని గంటలూ అలాగే ఉంటాయి, తెలిసి వెళ్లండి. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఇవ్వమంటే మాత్రం వెళ్లకండి.

7. డబ్బు లెక్కలు

గ్రాట్యుటీ దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు, అందుకే లెక్క చూపిస్తాను. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితే వస్తుంది. నేను మానేసిన 2019లో చివరి బేసిక్‌ని (డీఏ ఉంటే కలిపి) 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించేవారు. నా బేసిక్ 17,000, తొమ్మిదేళ్లకు 88,269 రూపాయలు. నాలుగేళ్లు దాటినవాళ్లు ఐదు నిండేదాకా ఆగడంలో అర్థముంది. కానీ ఆ తర్వాత “ఇంకో ఏడాది ఉంటే గ్రాట్యుటీ పెరుగుతుంది” అన్నది ఎంత? అదే బేసిక్ మీద ఏడాదికి 9,807. నెలకు 817 రూపాయలు. చివరి బేసిక్ పెరిగితే పాత ఏళ్లన్నిటికీ పెరిగినదాని మీదే కడతారు, అది నిజమే, మానేసి కొత్త చోట చేరితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, అదీ నిజమే. అవన్నీ వేసుకుని చూడండి. నా విషయంలో ఎలా కట్టినా నాలుగు వేల తేడాని అది పూడ్చలేదు.

పీఎఫ్ డబ్బు తీయకండి, అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) కింద కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. సర్వీసు మొత్తం ఐదేళ్లు నిండకముందే తీస్తే పన్ను పడుతుంది, పైగా పెన్షన్‌కి అర్హత రావాలంటే మొత్తం సర్వీసు పదేళ్లు ఉండాలి. మొదటి కంపెనీలో తొమ్మిదేళ్లకి ఆ తర్వాతివి కలిస్తేనే నాకు పది నిండాయి.

ఆరోగ్య బీమా సంగతి మర్చిపోతారు. కంపెనీ గ్రూప్ పాలసీ మీ చివరి రోజుతో ఆగిపోతుంది. అమ్మానాన్నలకి సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి, ఎందుకంటే అప్పటికే ఉన్న షుగరు, బీపీ లాంటివాటికి గరిష్టంగా మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది.

ఆఫర్‌లో సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూసి మురిసిపోకండి. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇస్తారో ఇవ్వరో తెలియని వేరియబుల్, అన్నీ అందులో కలిపేస్తారు. “నెలకు చేతికి ఎంత వస్తుంది సార్” అని నోరు తెరిచి అడగండి, మెయిల్‌లో రాయించుకోండి. ఏడాది మధ్యలో మారితే పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి, లేకపోతే ఇద్దరూ విడివిడిగా తక్కువ పన్ను పట్టి రిటర్న్ వేసేటప్పుడు మిగతాది మీరు ఒక్కసారే కట్టాల్సి వస్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో సహా, పక్కన లేకుండా మాత్రం కదలకండి. నా దగ్గర నెలన్నరకే ఉంది. జీతం ఇరవయ్యో తారీఖుకి జరిగినప్పుడు అది చూస్తుండగానే కరిగిపోయింది, ఆ టెన్షన్‌లో పని నేర్చుకోవడం దేవుడెరుగు, పని చేయడమే గగనమైంది.

8. రాజీనామా

ఆఫర్ లెటర్ చేతికి రాకముందు ఎవరికీ చెప్పొద్దు, పక్క సీటు మిత్రుడికి కూడా. నోటీసు అరవై రోజులా తొంభయ్యా అన్నది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ముందే చూసుకుని కొత్తవాళ్లకి ఆ తారీఖే చెప్పండి. ఉండిపొమ్మని జీతం పెంచుతామంటే సంతోషమే, కానీ ఒకటి అడగండి: పనేమైనా మారుతుందా? జీతమే పెరిగి అవే ఆరు పాత్రలైతే మీ రంగుల కాగితం మారనట్టే.

క్యూసీవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. రివ్యూ కాని నోట్‌బుక్‌లు, మూయని లాగ్‌బుక్‌లు నోటీసు మొదటి వారంలోనే తేల్చేయండి. చివరి రోజు నో-డ్యూస్ కాగితం పట్టుకుని తిరుగుతుంటే, ఎప్పుడో జనవరిలో సంతకం మర్చిపోయిన పేజీ ఒకటి బయటికొస్తుంది. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, జీతంలోంచి పట్టిన పన్ను సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. పీఎఫ్ పోర్టల్‌లో మీ ఎగ్జిట్ తేదీ పడిందో లేదో రెండు నెలల తర్వాత చూడండి.

9. నలభై ఐదు దాటినవాళ్లు

కదలడం కష్టం, అబద్ధం చెప్పను. కానీ 3, 4 అడుగులకి వయసుతో పని లేదు. మా పాత ప్లాంటులో నలభై ఎనిమిదేళ్ల ఒక అన్నయ్య క్యాలిబ్రేషన్ అంతా చేతుల్లోకి తీసుకున్నాడు. కంపెనీ మారలేదు. ఇప్పుడు ఆడిట్ వస్తే ముందు ఆయన్ని పిలుస్తారు.

10. ఉగాది కాగితం

మూడో ఉద్యోగంలో 2020లో చేరాను, ఇంకా అక్కడే ఉన్నాను. మొదటి ఆరు నెలలు “మా పాత కంపెనీలో ఇలా కాదు” అనకుండా నోరు కట్టేసుకోవడమే పెద్ద పని. అర్థం కానివి నాకన్నా చిన్నవాళ్లని అడగడం రెండో పెద్ద పని. ఇప్పుడు వాలిడేషన్, ట్రాన్స్‌ఫర్ రెండూ ఆకుపచ్చ.

మళ్లీ గానుగలో పడకుండా ఒక అలవాటు పెట్టుకున్నాను. ఉగాది రోజు టీవీలో పంతులుగారు రాశుల వారీగా ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చదువుతుంటే, నేను ఆ పక్కనే కూర్చుని నా లెక్క రాసుకుంటాను. ఆదాయం అంటే ఆ ఏడాది మొదటిసారి చేసిన పనులు. వ్యయం అంటే చేయడం మానేసి మర్చిపోతున్నవి. మొదటి ఏడాది ఆదాయం ఏడు, వ్యయం ఒకటి. ఆ తర్వాత నాలుగు, మూడు.

మొన్నటి ఉగాదికి ఆదాయం దగ్గర రెండే రాయగలిగాను. అందులో ఒకటి కొత్త సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్, రెండు గంటలది, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దాన్ని లెక్కలోకి వేయాలో కొట్టేయాలో ఇంకా తేల్చుకోలేదు, పెన్సిల్‌తో రాసి ఉంచాను. పదిహేను ప్రకటనలు మాత్రం ఈ ఆదివారం తీస్తున్నాను.